అంటే ఏంది పీరియడ్

"నా భర్త ప్రోత్సాహంతో అని రాయి. అందరు గట్లనే రాస్తరు," అన్నడు వెంకటేశ్, చాయ్ గిలాస కింద పెట్టకుంటనే.

మంజుల పొయ్యి ముందల నిలవడి ఒక చేత్తోని పప్పు కలుపుకుంట, ఇంకో చేత్తోని టిఫిన్ డబ్బ మూత కోసం తడుముతున్నది. మూతలు ఎప్పుడు గంతే, పొద్దుగాల ఎనిమిదింటికి ఒక్కటి కనవడది. బస్సుకు పోయే రోజులల్ల బస్సు పోయేది, ఇప్పుడు స్కూటీ ఉన్నది కాబట్టి జర నయం. మొగడు చెప్పిన మాట ఇన్నది, ఇననట్టే ఉన్నది. పెండ్లయి పద్దెనిమిదేండ్లయితే ఈ విద్య ఆడోళ్లకు ఎవరు నేర్పకున్నా వస్తది.

ఆ ఫారం మూడు రోజుల సంది ఫ్రిజ్ మీద ఉప్పు డబ్బ కింద పడి ఉన్నది. మంజుల కోరుట్ల అవుతల ఒక ఊరి ప్రాథమిక పాఠశాలల టీచర్. ఆమె చెప్పే మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లలు చదివినదాంట్ల కొత్త మాటలను పట్టుకునుడుల మండలంల అందరికంటె ముందున్నరని పరీక్ష పెట్టి తేల్చిండ్రట. గురువారం నాడు జిల్లా నుంచి ఒక మేడం వచ్చి ఆ పాఠం కండ్లార చూస్తదట. నచ్చితే వచ్చే ఏడు చుట్టుపక్కల బడులన్నిట్ల గదే పద్ధతి పెడ్తరట. ఫారంల పేరు, ఊరు, నౌకరి చేసిన ఏండ్లు అన్ని నింపింది మంజుల. అడుగున ఒక్క ప్రశ్న మిగిలింది. "ఈ పద్ధతిని మీరు ఎక్కడ, ఎవరి వద్ద నేర్చుకున్నారు?" కింద నాలుగు గీతలు గీసి ఇడిసిపెట్టిండ్రు. ఆ నాలుగు గీతలకాడనే ఆమె ఆగిపోయింది.

"ఇంకో ముచ్చట," అన్నడు వెంకటేశ్ లేచి అంగి దులుపుకుంట. "గురువారం అవ్వను బడికి తీస్కపోకు. రోజు తీస్కపోయి పిల్లల నడుమ కూసోబెడుతున్నవంటె సరే అనుకున్న. గని పెద్దపెద్దోళ్లు వచ్చిన్నాడు, చదువురాని ముసల్దాన్ని ముందల కూసోబెడితే నవ్వరా? మన ఇజ్జత్ పోతది."

ఆ ముసల్ది గల్మకాడ, గడప పక్కనే ఉన్నది. వెంకటేశ్ తల్లి శంకరవ్వ. ముందల చాటల మెంతికూర పెట్టుకొని తెంపుతున్నది. వేళ్లు వంగక ఒక్కొక్క ఆకును అరచెయ్యితోని అదిమి తెంపుతున్నది. తలకాయ ఎత్తకుంటనే, "నేనెందుకు తియ్ బిడ్డా. వాడు చెప్పింది నిజమే గద," అన్నది.

వెంకటేశ్ తన మోటార్ల రిపేరు దుకాణానికి పోయిండు. మంజులకు మూత దొరికింది, అత్తమ్మ చాట పక్కన. ఎవరు పెట్టిన్రంటే తనే పెట్టింది, ఇంకెవరు పెడ్తరు.

ఆ పద్ధతి ఏందో ముందు చెప్పాలె. దానికి ఫారంల పెద్ద పేరు ఏదో రాసిండ్రు గని, పిల్లలు మాత్రం "అంటే ఏంది పీరియడ్" అంటరు. లైబ్రరీ పెట్టెల నుంచి ఒక కథల పుస్తకం తీస్తరు. ఒక పిల్ల బయటికి చదువుతది. కొత్త మాట వచ్చిందంటె చాలు, ఎవరో ఒకరు "అంటే ఏంది?" అని అడుగుతరు. చదివే పిల్ల చెప్పాలె. ఒక్కటే షరతు, పుస్తకం మాటకు ఇంకో పుస్తకం మాట చెప్పొద్దు. ఇంటి మాట చెప్పాలె. రాకపోతే చేసి చూపియ్యాలె. గది గూడ రాకపోతే ఆ మాటను ఇంటికి తీస్కపోయి, బీడీలు చేసుకుంట కూసున్న అవ్వలను, చిన్నమ్మలను అడిగి తెల్లారి తేవాలె. తెచ్చిన మాటను గోడమీద నల్లరంగు పూసి చేసిన చార్టుల పుస్తకం మాట పక్కన రాస్తరు. వారం తిరిగేసరికి ఆ మాటతోని సొంతంగ ఒక ముచ్చట చెప్పాలె. గంతే. దీంట్ల బొమ్మల్లేవు, మిషన్లు లేవు.

అడిగేటోళ్లల్ల పెద్దామె శంకరవ్వ. రెండేండ్ల కింద వేళ్లు మొరాయించి బీడీలు బందయినంక, ఇంట్ల ఒక్కతే కూసుండి గోడలు చూసుకుంట ఉండేది. జీవితమంత చేతులకు పని ఉన్న మనిషికి చేతులు ఖాళీగ ఉంటె పిచ్చి లేస్తది. పోయిన ఏడు ఒక శనివారం మంజుల ఆమెను స్కూటీ ఎనుక కూసోబెట్టుకొని బడికి తీస్కపోయింది. లక్ష్మణ్ అనే పిలగాడు కథ చదువుతున్నడు. "ప్రయాణికులు" అని రాంగనే శంకరవ్వ పాత అలవాటు మీద "అంటే ఏంది బిడ్డా?" అని అడిగింది. వాడు టీచర్ దిక్కు చూసిండు. టీచర్ నోరు మెదపలే. వాడు గొంతు సవరించుకొని, "బస్సు కోసం నిలవడ్డోళ్లు. ఎక్కినోళ్లు గూడ. డ్రైవర్ కాదు," అని చెప్పిండు. డ్రైవర్ కాదు అన్న ముక్క ఏ డిక్షనరీల ఉన్నది? మంజులకు ఆ రోజు ఒకటి సమజయింది. టీచర్‌కు అర్థం చెప్పుమంటె పిల్లలు అప్పజెప్తరు, టీచర్‌కు ముందే తెలుసు గద అని. నిజంగ తెల్వని మనిషికి చెప్పుమంటె పానం పెట్టి చెప్తరు. ఆ దినం సంది శంకరవ్వకు మూడో తరగతిల ఒక కుర్చీ ఖాయమయింది.

గని ఈ పద్ధతి శనివారం నాడు పుట్టింది కాదు. దీని పుట్టుక పదహారేండ్ల కింద, ఇదే ఇంట్ల, ఇదే గల్మకాడ.

మంజుల లగ్గమై వచ్చేనాటికి ఇంటర్ అయిపోయింది. ఈ ఊర్లల్ల కొత్త కోడలు వస్తే చుట్టుపక్కలోళ్లు ముందుగాల అడిగేది బీడీలు వస్తయా అని. వస్తయి, తల్లిగారింట్ల గూడ చేసింది. బీడీలు చేపిచ్చుకునే టేకేదారు కాడ ఆమె పేరు మీద కార్డు తీసిండ్రు, కార్డున్నదంటె రోజు ఇన్ని బీడీలని కట్టియ్యాలె. వెంకటేశ్ దుబాయ్ పోయిండు. ఏడాది తిరిగేసరికి మంజులకు జగిత్యాల కాలేజీల డి.ఎడ్. సీటు వచ్చింది. ఫోన్ల ఆ ముచ్చట చెప్తే అటు దిక్కు నుంచి వెంకటేశ్, "చదువుకుంటే చదువుకో. గని కార్డు పని ఆగొద్దు," అన్నడు. గదే ఆయన ఇచ్చిన పర్మిషన్. ఆ మాటనే తిప్పి తిప్పి ఇప్పటిదాకా "మా ఇంటామెను నేనే చదివించిన" అని చెప్పుకుంటుండు. లగ్గాలకాడ చెప్తడు, దుబాయ్ నుంచి వచ్చి పెట్టిన దుకాణం ముందల చెప్తడు, ఆఖరికి కరెంటు బిల్లు కొట్టేటాయనకు గూడ చెప్పిండు. ఇన్నోళ్లు మంజులను చూసి, "నసీబున్నదానివి, మొగడు చదివించిండు," అంటరు. ఆమె నవ్వి ఊకుంటది. మొదట్ల ఆ నవ్వు కడుపుల మండేది, రాను రాను అలవాటయింది.

ఫోన్ పెట్టినంక ఆ రోజు మంజుల గోడకు ఒరిగి ఏడ్చింది. పొద్దంత కాలేజి, రానుపోను బస్సు, మల్ల వచ్చినంక ఎన్ని బీడీలని చేస్తది, ఎప్పుడు చదువుతది? శంకరవ్వ ఒళ్లె చాట, చాటల తంబాకు, చేతిల కత్తిరించిన ఆకు. ఏడుపు చూసింది, ఓదార్చలే. "కార్డు సంగతి నాకిడిసిపెట్టు," అన్నది. "నాదయినంక నీది గూడ ఎంతయితె గంత చేస్త. నువ్వు చదువు. గని మనసుల చదువుకోకు, బయటికి చదువు. చేతులు పనిల ఉన్నయి గని నా చెవులు ఉత్తగనే ఉన్నయి."

అట్ల మొదలయింది. పొద్దుగాల బస్సు టైం దాకా, మాపు బస్సు దిగినంక, ఐతారం నాడు పొద్దంత. మంజుల గల్మల కూసుండి చదివేది, శంకరవ్వ ఆకు చుట్టి, మూతి మడిచి, దారం కట్టేది. ఊకె ఇనేది కాదు మల్ల. రెండు వాక్యాలకు ఒకసారి ఆపేది.

"బోధన అంటే ఏంది?"

"నేర్పుడు, అత్తమ్మా."

"గా మాటనే రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది? సరే, చదువు."

"వికాసం అంటే ఏంది?"

"ఎదుగుడు."

"పెయ్యి ఎదుగుడా, తెలివి ఎదుగుడా?"

మంజుల పేజీ ఎనుకకు తిప్పి చూస్తే ఆ పాఠం మొత్తం ఆ ఒక్క తేడా మీదనే ఉన్నది. పెరుగుదల వేరు, వికాసం వేరు. తను రెండుసార్లు చదివి దాటేసింది. ఇంకోనాడు మూల్యాంకనం అన్న మాట వచ్చింది. పరీక్ష పెట్టి మార్కులు ఏసుడని చెప్పింది మంజుల. "అంటే టేకేదారు మనిషి కట్ట ఇప్పి, బాగలేని బీడీలు ఇరిసి పారేసినట్టా?" అని అడిగింది శంకరవ్వ. మంజుల ఆలోచన చేసింది. కాదు అత్తమ్మా, ఏ బీడి ఎందుకు వదులయిందో చూసి, చేసినామెకు చెప్పుడు అన్నది. శంకరవ్వ దారం పండ్లతోని తెంపి, "గట్ల చెప్పేటోడు ఉంటె మేమెప్పుడో నేర్చుకుందుము గద," అన్నది. మంజుల పరీక్షల ఆ ముచ్చటనే రాసింది. ఆ పేపర్ల మస్తు మార్కులు వచ్చినయి.

అత్తకు చెప్పలేని మాట తనకు రానట్టే. మంజుల చదువుకు గదే కొలత అయింది. రెండేండ్లు. రెండో ఏడు, వెంకటేశ్ సెలవు మీద వచ్చి పోయినంక, ఇప్పుడు హాస్టల్ల చదువుతున్న బిడ్డ కడుపుల ఉండంగ గూడ. ఆ రెండేండ్లల్ల ఒక్కనాడన్నా "నీ కార్డు పని నేను చేస్తున్న" అన్న మాట శంకరవ్వ నోటి నుంచి రాలే. లోకంల అత్తల ముచ్చట్లు మంజుల మస్తు ఇన్నది. బడిల తోటి టీచర్లు చెప్తుంటె, నా అత్త గట్ల కాదని చెప్దామని నోటిదాకా వచ్చేది. చెప్తె నమ్మరు. మంజుల మాత్రం రోజు యాది చేసుకుంటది, రోజు మనసుల దండం పెడ్తది.

గసొంటి మనిషిని నాలుగు గీతలల్ల ఎట్ల రాయాలె? రాస్తె మొగడు ఏమంటడు? గదే ఆమె పరేషాన్.

బుధవారం మధ్యాహ్నం హెడ్‌మాస్టర్ దశరథం సార్ స్టాఫ్ రూంల మీటింగ్ పెట్టిండు. మీటింగ్ అంటే ముగ్గురే. దశరథం సార్ మంచోడే, గట్టిగ మాట్లాడెరుగడు. "మేడం, రేపు గేటుకాడ ముగ్గు, వచ్చినోళ్లకు ఉప్మా, చాయ్ మీరు చూస్కుంటె బాగుంటది. మాకు ఉప్పెంతో తెల్వదు," అన్నడు నవ్వుకుంట.

"పాఠం చెప్పేది గూడ నేనే గద సార్."

"అదే అంటున్న మేడం. రెండు మీరే. మీకు అలవాటు గద."

మంజుల సరేనన్నది. అని, స్కూటీ మీద ఇంటికి వస్తున్నంతసేపు తనను తనే తిట్టుకున్నది. సరే అన్నది నోరేనా, ఇంకేమన్ననా? పాఠం ఎవరు చూడొస్తుండ్రో వాళ్లకు ఉప్మా పెట్టే చేతులే పాఠం గూడ చెప్పాలె. ఇంటికి రాంగనే చెప్పులు ఇడువకుంటనే ఆ ముచ్చట అత్తమ్మకు చెప్పి మొత్తుకున్నది. శంకరవ్వ అంత ఇని, "ఉప్మా నేను చేస్త. నువ్వు పాఠం చూస్కో," అన్నది.

గురువారం పొద్దుగాల మంజుల లేచేసరికి వంటింట్ల రవ్వ ఏగిన వాసన. శంకరవ్వ వంగని వేళ్లతోని గంటెను పిడికిట్ల పట్టుకొని కలుపుతున్నది. ఉల్లిగడ్డలు పెద్దపెద్ద ముక్కలే కోసింది, సన్నగ కోసుడు ఆ వేళ్లతోని కాదు. మంజులకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఈ మనిషి రుణం ఎట్ల తీర్చుకోవాలె అనుకున్నది. అనుకొని, తలకు పోసుకొని, ఇస్త్రీ చీర కట్టుకొని వచ్చింది. ఉప్మా హాట్‌ప్యాక్‌ల సర్దుతున్న అత్తమ్మ ముందల స్కూటీ తాళం చెయ్యి పెట్టింది.

"నువ్వు గూడ వస్తున్నవు, అత్తమ్మా."

"వాడు వద్దన్నడు గద బిడ్డా."

"ఆయన వద్దన్నడు. నేను రమ్మంటున్న. పిల్లలు అవ్వ ఏదని అడుగుతె ఏం చెప్పాలె?"

శంకరవ్వ ఒకసారి కొడుకు పండుకున్న అర్ర దిక్కు చూసింది. తర్వాత పోయి పెట్టెల నుంచి ఉతికిన చీర తీసుకున్నది.

జిల్లా నుంచి వచ్చిన మేడం పేరు పద్మలత. సన్నగ, నెమ్మదిగ ఉన్నది. ఎనుక బల్లమీద కూసుండి నోట్‌బుక్ తెరిచింది. పదకొండింటికి వెంకటేశ్ గూడ వచ్చిండు, దుకాణం బందుపెట్టి, కొత్త అంగి ఏసుకొని. సన్మానం ఉంటె పక్కన మొగడు నిలవడాలె గద. తలుపుకాడికి వచ్చి లోపలికి తొంగిచూస్తే మొదటి వరసల కుర్చీల తల్లి కూసుండి ఉన్నది. ఆయన ముఖం మాడింది. మంజుల చూసింది, చూసి చాక్‌పీస్ చేతిలకు తీసుకున్నది.

తిరుమల అనే పిల్ల పుస్తకం పట్టుకొని నిలవడ్డది. నాలుగో తరగతి, రెండు జడలు, గొంతు గంట. ఆ కథల ఎండకాలం నీళ్లు దొరకని ఒక ఉడుత ఉంటది. ఒక ముసలాయన రోజు పంపుసెట్టు కాడ దానికోసం చిప్పల నీళ్లు పోస్తడు. "ఉడుత కడుపారా నీళ్లు తాగి, కృతజ్ఞతతో తోక ఊపింది," అని చదివింది తిరుమల.

"కృతజ్ఞత అంటే ఏంది బిడ్డా?" శంకరవ్వ అడిగింది.

"థ్యాంక్స్," అన్నడు లక్ష్మణ్ ఎనుక నుంచి.

"గది ఇంగ్లీషు. ఇంటి మాట చెప్పు," అన్నరు నలుగురు.

"యాది మర్వకుండుడు," అన్నది తిరుమల. క్లాసంత జరసేపు దాన్ని నమిలింది. మొదటి వరసల చిన్న పిల్ల ఒకతె చెయ్యి లేపి, "యాది మర్వకుంటె సాలదు టీచర్. మల్ల చేసుడు," అన్నది. "అంటే ఏంది?" అని శంకరవ్వ ఇడిసిపెట్టలే. ఆ పిల్ల లేచి నిలవడి, "మా అవ్వ దగ్గర ఆకు అయిపోతె పక్కింటి కమలవ్వ ఇచ్చింది. కమలవ్వ చెయ్యి వాచిన్నాడు మా అవ్వ ఆమె కట్టలు గూడ చేసిచ్చింది. గది కృతజ్ఞత," అన్నది.

"మరి ఉడుత ఉత్త తోకనే ఊపింది గద టీచర్?" లక్ష్మణ్ లేచిండు. "తోక ఊపితే సరిపోతదా?"

క్లాసు రెండు పార్టీలయింది. ఉడుతకు తోక తప్ప ఏమున్నదని కొందరు, ఒక పండన్నా తెచ్చియ్యొచ్చు గదా అని కొందరు. పద్మలత మేడం రాసుడు బందుపెట్టి నవ్వుకుంట ఇంటున్నది. చార్టుల "కృతజ్ఞత" పక్కన మంజుల "మల్ల చేసుడు" అని రాసింది.

పాఠం అయినంక పద్మలత మేడం లేచి దశరథం సార్‌ను అడిగింది. "చాలా బాగుందండీ. మరి దీని మూల్యాంకనం ఎలా చేస్తున్నారు?"

"మూల్యాంకనం అంటే ఏంది మేడం?" తిరుమల అడిగింది. పాపం, ఆ పీరియడ్ల అడుగుడే దానికి నేర్పిన మర్యాద.

మేడం నవ్వి, "అంటే, అభ్యసన ఫలితాలను నిరంతరం..." అని మొదలువెట్టింది.

"పుస్తకం మాట చెప్పొద్దు మేడం!" క్లాసంత ఒక్కసారి అరిచింది. దశరథం సార్ తల పట్టుకున్నడు. మేడం నోట్‌బుక్ పేజీలు ఎనుకకు తిప్పుకుంట ఇంటి మాట కోసం వెతికింది.

అప్పుడు కుర్చీల నుంచి శంకరవ్వ అన్నది. "మార్కులు ఏసుడు గాదు బిడ్డా. పిలగాడు ఏడ ఆగిండో, ఎందుకు ఆగిండో చూసి, వానికి చెప్పుడు."

మంజుల అత్తమ్మ దిక్కు తిరిగి చూసింది. పదహారేండ్ల కింద గల్మకాడ తను చెప్పిన మాట. తను పరీక్ష రాసి మర్చిపోయింది. ఈమె మర్చిపోలే.

"అమ్మా, మీరు ఏం చదువుకున్నరు?" మేడం దగ్గరికి వచ్చి అడిగింది.

తలుపుకాడ నుంచి వెంకటేశ్ అందుకున్నడు. "మా అవ్వకు చదువు రాదు మేడం. ఏమనుకోకండ్రి. మా ఇంటామెను అయితె నేనే చదివించిన."

శంకరవ్వ కొడుకు దిక్కు చూసి నవ్వింది, కోపమేం లేదు ఆ నవ్వుల. "నిజమే మేడం. మాటలన్ని వచ్చు నాకు. అక్షరాలే రావు," అన్నది.

అందరు నవ్విండ్రు. మేడం చప్పట్లు కొట్టింది, పిల్లలు గూడ కొట్టిండ్రు. ఒక్క మంజుల నవ్వలే.

మేడం పోయేలోపల ఫారం కావాల్నన్నడు దశరథం సార్. మంజుల బల్లకాడ కూసుండి ఆ నాలుగు గీతల మీద రాసింది. చెయ్యి ఎక్కడ ఆగలే. "మా ఇంట్లో, మా అత్తమ్మ శంకరవ్వ వద్ద నేర్చుకున్నాను. నా వంతు బీడీలు ఆమె చేసుకుంటూ ప్రతి మాటకు అర్థం అడిగింది. ఆమెకు చెప్పగలిగినప్పుడే నాకు వచ్చినట్టు లెక్క." మూడు గీతలు నిండినయి. వెంకటేశ్ భుజం మీదికి వంగి చదివిండు, మల్ల ఒకసారి చదివిండు. "నా పేరేది?" అన్నడు మెల్లగ. ఆమె ఫారం తీసుకపోయి అత్తమ్మ చేతిల పెట్టింది. ఇన్నేండ్ల దండం ఇయ్యాల కాగితం మీదికి వచ్చింది గద అని మంజుల కడుపు నిండింది.

శంకరవ్వ ఆ కాగితాన్ని రెండు చేతులతోని పట్టుకొని కొద్దిసేపు చూసింది. తర్వాత తిరుమలను పిలిచింది. "మీ టీచర్ ఏం రాసిందో చదువు బిడ్డా." తిరుమల చదివింది. శంకరవ్వ పెదవులు కదులుకుంట ఇన్నది. ఇని, వంగని వేలు ఒకటి కాగితం మీద పెట్టి, "దీంట్ల నా పేరు ఏడున్నది?" అని అడిగింది. తిరుమల ఆ వేలును పట్టుకొని జరిపి చూపించింది.

మంజులకు పెయ్యి మీద సల్లటి నీళ్లు పోసినట్టయింది.

పదమూడేండ్ల నౌకరి. ఎంతమంది పిల్లలకు అ ఆలు దిద్దించిందో, ఎంతమంది చెయ్యి పట్టుకొని పలక మీద రాయించిందో. సెలవుల్ల తల్లులకు గూడ సంతకాలు నేర్పింది. ఇంట్ల ఒక మనిషి, చదువంటె చెవి కోసుకునే మనిషి, తన చదువును తన చేతులమీద మోసిన మనిషి ఉన్నది. ఆమె చేతిల ఒక్కనాడు పలక పెడదామన్న తెలివి రాలే. ఎందుకు రాలే? ఆమె ఎప్పుడు ఏదో పని చేస్తనే కనవడ్డది కాబట్టి. బీడీలు, బిడ్డ పుట్టినంక బిడ్డ పని, తను నౌకరికి పోతె ఇంటి పని. ఇయ్యాల పొద్దుగాల గూడ ఉప్మా. మొగడు ఒక మాట అని పేరు తీసుకున్నడని పదహారేండ్లు కడుపుల పెట్టుకున్నది. తను మాత్రం ఏం చేసింది? మొగడు పేరు తీసుకున్నడు, తను పని తీసుకున్నది. మనసుల దండం పెట్టుకుంట. ఆఖరికి ఆమె గురించి రాసిన మంచి మాట గూడ ఆమె చదువుకోలేని అక్షరాలల్ల రాసింది. ఇన్నేండ్లు తోకే ఊపిన, అనుకున్నది మంజుల. చార్టు మీద తన చేతిరాతల "మల్ల చేసుడు" అని తెల్లగ కనవడుతున్నది.

పొద్దుమీకి ఇంటికి వచ్చినంక మంజుల చీర మార్చుకున్నది, వంటింట్లకు పోలే. బడి నుంచి తెచ్చిన పలక, బలపం సంచిల నుంచి తీసి గల్మకాడ కూసున్నది. వెంకటేశ్ టీవీ ముందల నుంచి, "ఆకలవుతుంది. ఏం చేస్తున్నవు?" అన్నడు.

"ఇయ్యాల సంది రోజు ఈ గంట నేను వంటింట్లకు రాను. అత్తమ్మ గూడ రాదు. మాకు పనున్నది."

"మరి బువ్వ?"

"బియ్యం పెద్ద డబ్బల ఉన్నయి, పప్పు పక్క డబ్బల. ఉప్పు ఫ్రిజ్ మీద." ఆమె గొంతు పెంచలే. "నన్ను చదివించిన అని ఊరంత చెప్తివి. నేను ఒక్కసారి కాదనలే. ఇప్పుడు నిజంగ ఒకలను చదివియ్యి. మీ అవ్వను."

వెంకటేశ్ తిరిగి తల్లి ముఖం చూసిండు. శంకరవ్వ ఆయనను చూస్తలేదు, పలకను చూస్తున్నది. ఆయన టీవీ బందుపెట్టి, లుంగి ఎగగట్టుకొని, వంటింట్ల లైట్ ఏసిండు. ఎన్కటి సంది తెలిసిన ఇల్లే, ఆ స్విచ్ ఏడున్నదో వెతుక్కున్నడు.

బీడీలు బందయినంక మూలకు పెట్టిన పాత చాట ఒళ్లె పెట్టుకొని, దాని మీద పలక పెట్టుకున్నది శంకరవ్వ. చేతులకు గదే అలవాటు. మంజుల ఆమె పిడికిట్ల బలపం పెట్టి, తన చెయ్యి పైన పెట్టింది. ఆ వేళ్లు గట్టిగ, కాయలు కాసి ఉన్నయి. తన వంతు బీడీలు గూడ చేసిన వేళ్లు.

"ముందుగాల నీ పేరు రాద్దామా, అత్తమ్మా?"

"నా పేరు ఎవలన్న పిలిస్తె ఇనవడుతది. తర్వాత నేర్చుకుంట."

"మరి ఏం రాద్దాం?"

శంకరవ్వ బలపాన్ని ఇంకింత గట్టిగ పట్టుకున్నది. వంటింట్ల నుంచి వెంకటేశ్, "అవ్వా, గిలాసెడు బియ్యానికి నీళ్లెన్ని?" అని కేక ఏసిండు. ఆమె అటు తిరగలే.

"అంటే ఏంది అని రాసుడు నేర్పు బిడ్డా," అన్నది. "ఇన్నొద్దులు నోటితోని మిమ్ములనందరిని అడిగిన. ఇగ పుస్తకాన్ని అడుగుత."